రాత్రిపూట కొబ్బరిచెట్టు నీడ: గ్రాఫింగ్ కాలిక్యులేటర్ చెప్పే తప్పులు, చెప్పని తప్పులు

శ్రీకాకుళం ఊరి అంచునే ఉన్న అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబరు మొదటి రోజుల్లో మరోసారి, ఉదయపు కిరణాలు గర్భగుడి దాకా వెళ్లి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ రోజు మబ్బు పట్టిందా, అంతే సంగతులు. చీకటితోనే వచ్చి క్యూలో నిలబడ్డవాళ్లు ఉసూరుమంటూ ఇంటిదారి పడతారు.

రెండుసార్లే ఎందుకు? సూర్యుడు ఏడాదిలో ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి జరుగుతున్నట్టు కనిపిస్తాడు. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఒకే చోటును దాటతాడు. భూమధ్యరేఖకి సూర్యుడు ఎంత ఉత్తరంగా లేదా ఎంత దక్షిణంగా ఉన్నాడో చెప్పే కోణాన్ని పంచాంగ గణితంలో క్రాంతి అంటారు. సోలార్ ప్యానెళ్ల పాఠాల్లో దీనికి ఒక తేలికైన సూత్రం వాడతారు. కూపర్ అనే ఆయన 1969లో ఇచ్చింది:

క్రాంతి = 23.45 × సైన్(360 × (284 + రోజు) ÷ 365)

జనవరి 1ని ఒకటో రోజుగా లెక్కపెడితే మార్చి 10 అంటే 69, అక్టోబరు 2 అంటే 275. ఈ రెండు అంకెలూ సూత్రంలో వేస్తే −4.81 డిగ్రీలు, −4.61 డిగ్రీలు వస్తాయి. అంటే రెండు తేదీల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకి దక్షిణంగా ఇంచుమించు ఒకే చోట ఉన్నాడు. గుడిలోకి వెలుగు వచ్చే దారి ఒకటే అయినప్పుడు అది రెండుసార్లు తెరుచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంత చిన్న సూత్రాన్ని గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో గీయబోతే, ఆ యంత్రానికి ఉన్న బలహీనతలు దాదాపు అన్నీ ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి. వాటిలో కొన్నింటికి అది ఎర్రర్ అని చెబుతుంది. చెప్పినవాటితో ఇబ్బంది తక్కువ. చెప్పకుండా, చక్కటి గీతగా, పది అంకెల జవాబుగా చూపించే తప్పులతోనే అసలు చిక్కు.

మన దగ్గర గ్రాఫింగ్ కాలిక్యులేటర్ చేత్తో పట్టుకున్నవాళ్లు తక్కువే. ఇంటర్ లెక్కల పరీక్షలో, ఈఏపీసెట్‌లో, జేఈఈలో ఏ కాలిక్యులేటర్‌కీ చోటు లేదు. ఇంజినీరింగ్‌లో చేరాక కేసియో 991 చేతికొస్తుంది. గేట్ పరీక్షకి వెళ్తే అదీ బయటే పెట్టి, కంప్యూటర్ తెర మీద ఇచ్చిన దానితోనే నెట్టుకురావాలి. గ్రాఫ్ గీసే కాలిక్యులేటర్ మార్కెట్లోకి మొదట వచ్చింది 1985లో, కేసియో ఎఫ్ఎక్స్-7000జీ పేరుతో. అమెరికా బడుల్లో ఇప్పటికీ బాగా నడిచేది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఐ-84. శ్రీకాకుళం, విజయనగరం వైపు అది కనిపించిందంటే సెలవులకు అమెరికా నుంచి వచ్చిన ఏ మేనల్లుడి బ్యాగులోదో అయ్యుంటుంది. అయితే డెస్మోస్, జియోజీబ్రా అనే గ్రాఫ్ యాప్‌లు ఫోన్లలో ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి, డబ్బాగా లేకపోయినా గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఇప్పుడు దాదాపు అందరి జేబులోనూ ఉన్నట్టే. కింద చెప్పేవాటిలో చాలావరకు టీఐ-84 ప్లస్‌ని పట్టుకుని చెప్పినవే. దాని తెర చిన్నది, లోపల జరిగేది స్పష్టంగా బయటికి కనిపిస్తుంది.

సూత్రం ఎక్కించి గ్రాఫ్ బటన్ నొక్కితే మొదట కనిపించేది తెర మీద ఆరేడు గీతలు, దాదాపు నిట్టనిలువుగా, పొలం గట్టు మీద పాతిన కంచె కర్రల్లా. ఇదేదో తేడాగా ఉందని మోడ్‌లోకి వెళ్లి చూస్తే రేడియన్ అని ఉంటుంది. అది కోణాల్ని కొలిచే ఇంకో కొలమానం, మన సూత్రమేమో డిగ్రీల్లో ఉంది. టీఐలో, డెస్మోస్‌లో కొత్తగా తెరిస్తే ఉండేది రేడియనే. కేసియో 991లో డిగ్రీ. ఇన్నాళ్లూ కేసియో మీద చేయి తిరిగినవాళ్లు ఇక్కడే పడతారు. సరే, డిగ్రీకి మార్చి మళ్లీ గ్రాఫ్ నొక్కితే తెర మొత్తం ఖాళీ. అక్షాలు తప్ప ఏమీ లేదు.

తప్పు మోడ్‌లో ఏదో ఒక బొమ్మ వచ్చింది, ఒప్పు మోడ్‌లో ఏమీ రాలేదు. చాలామంది ఇక్కడ మళ్లీ రేడియన్‌కి వెళ్లిపోతారు. కానీ ఖాళీ తెరే సరైన జవాబు. మామూలుగా ఆ తెర అడ్డంగా −10 నుంచి 10 దాకా, నిలువుగా −10 నుంచి 10 దాకా చూపిస్తుంది. జనవరి మొదటి పది రోజుల్లో క్రాంతి −23, −22 దగ్గర ఉంటుంది. గీత తెరకి కింద, కనపడని చోట, బుద్ధిగా గీసే ఉంది. కిటికీలోంచి చూస్తే వీధి కనిపించకపోతే వీధి లేదని కాదు కదా. కాలిక్యులేటర్ భాషలో దాని పేరు కూడా విండోనే. అడ్డం 0 నుంచి 365, నిలువు −25 నుంచి 25 అని మార్చగానే ఒక అందమైన అల, జూన్‌లో పైకి, డిసెంబర్‌లో కిందికి, కనిపిస్తుంది.

ఆ రేడియన్ పొరపాటు గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. గ్రాఫ్ అయితే బొమ్మ వింతగా ఉంది కాబట్టి అనుమానం వస్తుంది. ఒక్క విలువ మాత్రమే అడిగినప్పుడు? రేడియన్ మోడ్‌లో మార్చి 10కి సూత్రం ఇచ్చే జవాబు +12.3. అది ఏప్రిల్ నెలాఖరు సూర్యుడి స్థానం. అక్టోబరు 2కి వచ్చేది −23.45. అంటే గాంధీ జయంతి రోజున సూర్యుణ్ణి డిసెంబరు 21 నాటి చోటుకి నెట్టేసింది. రెండూ నమ్మదగ్గ అంకెలే, −23.45కీ +23.45కీ మధ్యే ఉన్నాయి. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. జవాబు 500 అని వచ్చి ఉంటే ఎవరైనా పట్టుకునేవారు. హద్దుల్లో ఉండే తప్పుని పట్టుకోవాలంటే సూర్యుడు మార్చిలో ఎక్కడుంటాడో ముందే కొంచెం తెలిసి ఉండాలి.

ఇప్పుడు అసలు కాలిక్యులేటర్ గ్రాఫ్‌ని ఎలా గీస్తుందో చూడాలి. చుక్కల ముగ్గు వేసినట్టే వేస్తుంది. ముందు చుక్కలు పెడుతుంది, తర్వాత వాటిని కలుపుతుంది. టీఐ-84 ప్లస్ తెర 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. గ్రాఫ్‌కి వాడేది 95 నిలువు వరసలు. ఒక్కో వరసకి ఒక్కసారి సూత్రంలో విలువ వేసి, వచ్చిన జవాబుకి దగ్గరి చుక్కని నల్లగా చేసి, పక్క చుక్కతో గీత కలిపేస్తుంది. రెండు చుక్కల మధ్య ఏం జరిగిందో దానికి తెలియదు, అడగదు కూడా. ఏడాది మొత్తాన్ని 94 భాగాలు చేస్తే ఒక్కో అడుగు 3.88 రోజులు. అందుకే ట్రేస్ నొక్కి కర్సర్‌ని జరుపుకుంటూ వెళ్తే మార్చి 10 మీద ఆగదు. 66.01 మీద ఆగుతుంది, తర్వాత 69.89 మీద. మధ్యలో ఉన్న 69 కావాలంటే ఆ అంకెని టైప్ చేసి అడగాలి.

మూడు నాలుగు రోజుల అడుగు నెమ్మదిగా సాగే అలకి సరిపోతుంది. మోడ్‌ని రేడియన్‌లోనే వదిలేసి, విండో మాత్రం 365 రోజులకి పెంచితే తమాషా చూడొచ్చు. అప్పుడు సూత్రం ప్రకారం ప్రతి 6.37 రోజులకి ఒక అల, ఏడాదికి 57 అలలు రావాలి. కానీ ఒక్కో అలకి రెండు చుక్కలు కూడా పూర్తిగా దక్కడం లేదు. పైకెళ్లినప్పుడో ఒకటి, దిగేటప్పుడో ఒకటి ఏరుకుని కలుపుకుంటూ పోయేసరికి తెర మీద వచ్చేది రంపం పళ్లలాంటి బొమ్మ, అందులో సుమారు 37 అలలే. ఇరవై అలలు మాయం. అదే సూత్రాన్ని, అదే పొరపాటుతో, కొత్త కలర్ మోడల్ టీఐ-84 ప్లస్ సీఈ మీద గీస్తే 57 అలలూ సరిగ్గా వస్తాయి, ఎందుకంటే అక్కడ వరసలు 265. లెక్క మారలేదు, తెర మారితే బొమ్మ మారింది. సినిమాల్లో బండి ముందుకి పోతుంటే చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేదీ ఈ కారణం వల్లే.

ఎర్రర్ సందేశాల సంగతికొద్దాం. పగటి పొడవు లెక్క దీనికి బాగుంటుంది. అక్షాంశం టాంజెంట్‌ని క్రాంతి టాంజెంట్‌తో గుణించి, ముందు మైనస్ పెట్టి, దానికి విలోమ కొసైన్ తీసుకుంటే ఒక కోణం వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి 15తో భాగిస్తే పగలు ఎన్ని గంటలో తేలుతుంది. శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు. జూన్ 21న క్రాంతి 23.45. లోపల వచ్చేది −0.1435, కోణం 98.25 డిగ్రీలు, పగలు 13 గంటల 6 నిమిషాలు. గాలి వెలుగుని కాస్త వంచడాన్ని, సూర్యబింబం వెడల్పుని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి నిజానికి ఇంకొన్ని నిమిషాలు ఎక్కువే ఉంటుంది.

దీన్ని టైప్ చేసేటప్పుడే మొదటి గండం. టీఐలో మైనస్ బటన్లు రెండు. తీసివేతకి ఒకటి, రుణ సంఖ్యకి ఇంకొకటి, బ్రాకెట్లో చిన్న గీతతో. బ్రాకెట్ లోపల తీసివేత బటన్ నొక్కితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, మంచిదే. కానీ లెక్క మొదట్లోనే దాన్ని నొక్కితే, యంత్రం దానంతట అదే ముందు పాత జవాబుని తెచ్చి పెట్టుకుని, అందులోంచి తీసివేస్తుంది. ఎర్రర్ ఉండదు, జవాబు మాత్రం ఎందుకూ పనికిరాదు. బటన్ ఒకటే, పొరపాటు ఒకటే. ఒకచోట అరుస్తుంది, ఒకచోట నోరు మూసుకుంటుంది.

ఇక నార్వేలోని ట్రోమ్సో అనే ఊరి పగటి పొడవు అడిగితే? అక్షాంశం 69.6 దాటి ఉంటుంది. లోపల వచ్చే అంకె −1.17. ఏ కోణానికీ కొసైన్ −1 కంటే తగ్గదు కాబట్టి కాలిక్యులేటర్ డొమైన్ ఎర్రర్ అంటుంది. ఇంటర్‌లో ప్రమేయానికి ప్రదేశం అని చదువుకున్నది ఇదే. ఇక్కడ ఆ ఎర్రర్ తప్పు కానే కాదు, అదే జవాబు. జూన్‌లో ఆ ఊళ్లో సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి కూడా ఎండ కాస్తుంది. అస్తమించే సమయం ఎప్పుడని అడిగితే యంత్రం చెప్పగలిగింది ఒక్కటే, అలాంటి సమయం లేదని.

అయితే శ్రీకాకుళానికి కూడా అదే డొమైన్ ఎర్రర్ రావచ్చు. మోడ్ రేడియన్‌లో ఉండిపోతే లోపల వచ్చేది 5.45. సందేశం ఒకటే, కారణాలు రెండు. ఒకటి భూగోళానికి సంబంధించింది, ఒకటి వేలికి సంబంధించింది. ఏది ఏదో సందేశం చెప్పదు. లోపలి అంకెని విడిగా వేసి చూసుకుంటే తప్ప తేలదు. ఎర్రర్ రాగానే టెన్షన్ పడి మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టే అలవాటు చాలామందికి ఉంది. దానికన్నా ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కా చూడటం తొందరగా తేలే పని.

ఓవర్‌ఫ్లో ఎర్రర్‌ది చిన్న కథ. అరసవల్లి క్యూలో 69 మంది ఎన్ని వరస క్రమాల్లో నిలబడొచ్చో టీఐ చెబుతుంది, 10కి 98వ ఘాతం స్థాయిలో ఒక అంకె. డెబ్బయ్యో మనిషి రాగానే ఓవర్‌ఫ్లో, ఎందుకంటే దాని ఘాతం రెండంకెలు దాటదు. కంప్యూటర్లు, ఫోన్ యాప్‌లు మామూలుగా వాడే పద్ధతిలో 170 మంది దాకా వెళ్లొచ్చు, 171 దగ్గర అదీ చేతులెత్తేస్తుంది.

గుణకార గుర్తు రాయకుండా వదిలేసినప్పుడు వచ్చే గొడవని కూడా ఇక్కడే దాటేద్దాం. 6 ÷ 2(1 + 2) అని టైప్ చేస్తే కేసియో 991ఈఎస్ ప్లస్ 1 అంటుంది, టీఐ-84 అయితే 9 అంటుంది. ఎవరిది ఒప్పని ఊరికే వాదించుకోవడం కన్నా ఇంకో బ్రాకెట్ పెట్టడం చవక.

ఇక నీడ. కొబ్బరితోటలకి పేరుపడ్డ ఉద్దానం వైపు పది మీటర్ల కొబ్బరిచెట్టు ఒకటి ఉందనుకుందాం. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజున ఆ చెట్టు నీడ తూర్పు పడమరల్లో ఎంత దూరం పడుతుందో చెప్పే సూత్రం సుళువు:

నీడ = 10.53 × టాన్(15 × (గంట − 12))

ఇక్కడ 10.53 అన్నది పది మీటర్లని శ్రీకాకుళం అక్షాంశం కొసైన్‌తో భాగిస్తే వచ్చింది. గంటని 24 గంటల పద్ధతిలో వేయాలి, మోడ్ డిగ్రీలో ఉండాలి. మధ్యాహ్నం 3 గంటలకి నీడ పదిన్నర మీటర్లు. 5 గంటలకి 39. ఐదున్నరకి 80. సాయంత్రం నీడలు చూస్తూ చూస్తూ ఉండగానే సాగిపోతాయని పల్లెల్లో ఎవరికైనా తెలుసు. ఆరింటికి సూర్యుడు అంచున ఉన్నప్పుడు నీడ అనంతం, అంటే లెక్కలో జవాబు లేదు. టేబుల్ తెరిచి 18 దగ్గర చూస్తే ఆ గడిలో ఎర్రర్ అని రాసి ఉంటుంది. ఇంతవరకు న్యాయంగానే ఉంది.

అదే సూత్రాన్ని గ్రాఫ్‌గా అడిగితే న్యాయం తప్పుతుంది. విండో అడ్డంగా 0 నుంచి 24, నిలువుగా −100 నుంచి 100 పెడితే, 6 దగ్గర, 18 దగ్గర పై నుంచి కింద దాకా రెండు నిలువు గీతలు వస్తాయి. చూసినవాళ్లు అవి అనంత స్పర్శరేఖలనుకుంటారు (అంటే గీత దగ్గరవుతూ పోయి ఎప్పటికీ తాకని రేఖలు), మాస్టారు కూడా కొన్నిసార్లు అలాగే చెబుతారు. కావు. 17.87 గంటలకి యంత్రం ఒక విలువ లెక్కేసింది: సుమారు +315 మీటర్లు. తర్వాతి వరసలో 18.13 గంటలకి మరొకటి: సుమారు −315. ముగ్గులో పక్కపక్క చుక్కల్ని కలిపినట్టు ఈ రెండింటినీ కలిపేసింది. మధ్యలో ఆరు గంటలు అనే నిమిషం ఒకటుందని, అక్కడ లెక్క తెగిపోయిందని దానికి తెలియనే తెలియదు.

విండో కుడి అంచుని 24 నుంచి 23.5కి, అంటే అరగంట తగ్గించి చూడండి. రెండు నిలువు గీతలూ మాయమవుతాయి. సూత్రం మీద చెయ్యి కూడా వేయలేదు. జరిగిందల్లా ఇంతే: 23.5ని 94 భాగాలు చేస్తే ఒక్కో అడుగు సరిగ్గా పావుగంట. అడుగులు 6 మీదా 18 మీదా నేరుగా పడ్డాయి, అక్కడ జవాబు లేదు కాబట్టి యంత్రం ఆ చుక్కని నోరెత్తకుండా వదిలేసింది, గీత తెగింది. విడి లెక్కలో, టేబుల్‌లో ఎర్రర్ అని చెప్పే యంత్రం గ్రాఫ్‌లో మాత్రం దాటవేస్తుంది. సీఈ మోడల్‌లో ఇలాంటి చోట్లు వెతికి పట్టుకునే సదుపాయం ఒకటి చేర్చారు. అయినా లోపల చుక్కలు ఏరుకునే పద్ధతి మారలేదు.

ఇంకా వింత, ఆరు దాటాక కూడా గీత సాగుతూనే ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి చెట్టు నీడ −18 మీటర్లు అంటుంది. సూర్యుడే లేని వేళ నీడేమిటి? టాంజెంట్‌కి పగలు, రాత్రి తెలియవు. ఆ సూత్రం ఆరు నుంచి ఆరు దాకానే చెల్లుతుందన్న సంగతి మనకి తెలుసు, టైప్ చేసినప్పుడు మనం దానికి చెప్పలేదు. చెప్పే పద్ధతి ఉంది. సూత్రాన్ని 6 కన్నా ఎక్కువ, 18 కన్నా తక్కువ అనే షరతుతో భాగిస్తే, షరతు తప్పిన చోట సున్నాతో భాగించినట్టయి గీత ఆగిపోతుంది. డెస్మోస్‌లో అయితే అదే షరతుని మీసాల బ్రాకెట్లలో సూత్రం పక్కన రాస్తే చాలు.

ఇదే లెక్కని పైథాన్‌లాంటి ప్రోగ్రామింగ్ భాషలో వేస్తే ఇంకో రకంగా తప్పుతుంది. అక్కడ 90 డిగ్రీల్ని రేడియన్లలోకి మార్చాలి, అంటే పైలో సగం. పై పూర్తి విలువ ఏ యంత్రంలోనూ పట్టదు. పదహారో అంకె దగ్గర కత్తిరించాక అది 90కి వెంట్రుకవాసి తక్కువ. దాని టాంజెంట్ అనంతం కాదు, 1.63ని 10కి 16వ ఘాతంతో గుణించినంత. దాన్ని 10.53తో గుణిస్తే ఉద్దానం కొబ్బరిచెట్టు నీడ 18 కాంతి సంవత్సరాల పొడవు పడుతుంది. ఎర్రర్ మాత్రం రాదు.

అంకెల్ని కత్తిరించడం అనే ఈ జబ్బు అన్ని యంత్రాలకీ ఉంది. టీఐ లోపల 14 అంకెలు దాచుకుని పది చూపిస్తుంది. ఫోన్ యాప్‌లు, కంప్యూటర్లు సుమారు 16 అంకెలు దాచుకుంటాయి. రోజువారీ లెక్కలకి ఇది చాలా ఎక్కువే. కానీ అవధుల లెక్కల్లో మోసం చేస్తుంది. రూపాయికి ఏడాదికి రూపాయి వడ్డీ అనుకుని, ఆ వడ్డీని ఎన్ని వాయిదాలుగా విడగొట్టి చక్రవడ్డీ కడితే ఎంతవుతుందన్న పాత లెక్క ఉంది కదా, వాయిదాలు పెరిగేకొద్దీ 2.71828కి చేరుతుంది. కంప్యూటర్‌లో పది కోట్ల వాయిదాలు వేస్తే 2.7182818 వస్తుంది, బాగుంది. లక్ష కోట్లకి పెంచితే 2.7185, కాస్త జారింది. వంద లక్షల కోట్లకి 2.7161. దానికి పదింతలు చేస్తే 3.035. ఇంకో పదింతలు చేస్తే సరిగ్గా 1. అంటే వడ్డీ మొత్తం గల్లంతు, అసలు మిగిలింది. ఒకటికి కలపాల్సిన వాయిదా వడ్డీ అంత చిన్నదయ్యేసరికి పదహారంకెల్లో దానికి చోటు లేక రాలిపోయింది. ఒకటిని ఎన్నిసార్లు హెచ్చించినా ఒకటే. ఎక్కువ వేస్తే ఎక్కువ ఖచ్చితం అనే నమ్మకం ఒక చోటు దాటాక తిరగబడుతుంది. గ్రాఫ్‌ని అతిగా జూమ్ చేసినప్పుడు నున్నటి గీత మెట్లుమెట్లుగా, గరుకుగా కనిపించేది కూడా ఇలాంటి చోటే.

మళ్లీ అరసవల్లికి. క్రాంతి గీత మీద −4.8 దగ్గర ఒక అడ్డగీత గీసి, రెండూ ఎక్కడ ఖండించుకుంటాయో యంత్రాన్ని అడగొచ్చు. అది ముందు ఒక అంచనా అడుగుతుంది. మార్చి దగ్గర కర్సర్ పెడితే 69.02 అంటుంది, అక్కడితో ఆగుతుంది. అక్టోబరులో ఇంకోటి ఉందని చెప్పదు. అక్కడికి వెళ్లి మళ్లీ అడిగితేనే 275.48 అంటుంది. రెండు జవాబులున్నాయని ముందే తెలిసినవాడికే రెండోది దొరుకుతుంది. తెలియనివాడికి గుడిలోకి ఏడాదికి ఒక్కసారే వెలుగు వస్తుంది.

పోనీ ఆ −4.81 అయినా నిజమా? హోమ్ స్క్రీన్ మీద అది −4.8097, ఆ వెనక ఇంకో ఐదు అంకెలతో కనిపిస్తుంది. లెక్క తప్పలేదు, మోడ్ సరిగ్గానే ఉంది. కానీ మార్చి 10న సూర్యుడి అసలు క్రాంతి −4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్టోబరు 2న −3.6 దగ్గర. ఇక్కడ తప్పింది సూత్రం, దాదాపు ఒక డిగ్రీ. కూపర్ సూత్రం భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరుగుతుందని అనుకుంటుంది, నిజానికి జనవరిలో వేగంగా, జూలైలో నెమ్మదిగా తిరుగుతుంది. సోలార్ ప్యానెల్‌ని ఎటు వంచి బిగించాలో తేల్చుకోవడానికి ఒక డిగ్రీ తేడా లెక్కలోకి రాదు. గర్భగుడి దాకా సాగే సన్నటి వెలుగు దారికి వస్తుంది. ఆ సమయంలో సూర్యుడు రోజుకి సుమారు 0.4 డిగ్రీ జరుగుతాడు, ఒక డిగ్రీ అంటే రెండు రోజులు పైమాట. మార్చిలో సూత్రాన్ని నమ్మి ప్రయాణం పెట్టుకుంటే వెలుగు వచ్చి వెళ్లిపోయాక గుడికి చేరతారు. తెర మీద ఉన్న పది అంకెల్లో మొదటి అంకె ఒక్కటే నికరం, రెండోదే అనుమానం. ఆ సంగతి ఏ కాలిక్యులేటరూ చెప్పలేదు, ఎందుకంటే దానికి సూత్రం ఒక్కటే తెలుసు, సూర్యుడు తెలియదు.

విచిత్రంగా అదే సూత్రం వేసవిలో బాగా నిలబడుతుంది. క్రాంతి 18.3 అయిన రోజున శ్రీకాకుళంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువుగా పాతిన కర్రకి నీడ పడదు. అడ్డగీతని 18.3కి మార్చి అడిగితే యంత్రం ఇచ్చేవి 133, 211.5. అంటే మే 13, జూలై 30 ప్రాంతం. జూలైలో మబ్బులతో నమ్మకం తక్కువ కాబట్టి మే 13 మేలు. అయితే గడియారంలో పన్నెండింటికి కాదు. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం, శ్రీకాకుళం 83.9 దగ్గర ఉంది కాబట్టి ఐదున్నర నిమిషాలు ముందు. పైగా మే నెల మధ్యలో సూర్యుడే మూడున్నర నిమిషాలకి పైగా ముందుంటాడు. రెండూ కలిపి 11 గంటల 51 నిమిషాలకి, డాబా మీద తూకపు గుండు వేలాడదీసి నిలువు సరిచూసుకున్న ఒక మీటరు కర్ర పాతి చూస్తే, కర్ర మొదలు చుట్టూ రవ్వంత మసక తప్ప ఏమీ మిగలదు. ఆ మసక సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉండటం వల్ల వచ్చింది.